మా బావకు లేని హెర్నియా

మా బావ పెద్దకర్మ ఢిల్లీలోనే జరిగింది. ఊరి నుంచి వచ్చిన దూరపు చుట్టం ఒకాయన భోజనం చేసి, చెయ్యి కడుక్కుని వచ్చి, నా పక్కకి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాసేపు అటూ ఇటూ చూసి, "పాపం, ఆ హెర్నియా ఆపరేషన్‌తోనే మొదలైంది. అప్పట్నుంచీ మనిషి మళ్లీ తేరుకోలేదు" అన్నాడు.

ఎదురుగా మా అక్క గోడకి ఆనుకుని చాప మీద కూర్చుని ఉంది. ఆ మాట ఆవిడకీ వినపడింది. నా వైపు చూసింది. భర్త పెద్దకర్మ నాడు నవ్వకూడదు కాబట్టి తల దించుకుంది. భుజాలు కదిలాయి. పక్కనున్నావిడ ఏడుస్తోందనుకుని వీపు నిమిరింది.

మా బావకి హెర్నియా ఏనాడూ రాలేదు.

ఆయన పోయాక చాలామంది చాలా మాట్లాడారు. కోచింగ్ సెంటర్‌లో పెట్టిన సంతాపసభలో దీపస్తంభం అన్నారు, మహావృక్షం అన్నారు. బతికుంటే ఆయన వెనక బెంచీలోంచి లేచి, స్తంభమా వృక్షమా ఏదో ఒకటి తేల్చమనేవాడు. నన్నూ మాట్లాడమన్నారు. ఆయన పాఠం బాగా చెప్పేవాడు, అన్నం చాలా తొందరగా తినేసేవాడు అని చెప్పి కూర్చున్నాను. ఈ హెర్నియా సంగతి మాత్రం రాయాలి. లేని జబ్బు వల్ల ఆయన ప్రాణం పోబోయింది.

బావ కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. తర్వాత లక్ష్మీ నగర్‌లో సివిల్స్‌కి చదివే పిల్లలకి రాజ్యాంగం పాఠాలు చెప్పేవాడు. ప్రిలిమ్స్ ప్రశ్నలు తయారుచేసి చేసి, ఇంట్లో కూడా అలాగే మాట్లాడేవాడు. అక్క "కూరేం చెయ్యమంటారు?" అని అడిగితే, "ఈ కింది వాటిలో ఇంట్లో లేనిది ఏది?" అని మొదలుపెట్టేవాడు. నేను గ్రేటర్ నోయిడాలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను. ఆయన లెక్కలో అది ఢిల్లీ కాదు, అసలు ఈ దేశమే కాదు. నేను వెళ్లినప్పుడల్లా తలుపు తీసి, "ఏమోయ్, వీసా దొరికిందా?" అనేవాడు. బావ, బావమరిది వరస మాది. కలిసినప్పుడు ఒకరినొకరు ఒక మాట అనుకోకపోతే, ఎవరికి ఒంట్లో బాగోలేదా అని అక్క కంగారుపడేది.

అసలు జబ్బు ఇది. గుండె నుంచి పొట్టలోకి దిగే పెద్ద రక్తనాళం, బృహద్ధమని అంటారు, బొడ్డు వెనకాల ఒకచోట ఉబ్బింది. వేరే దేనికో స్కానింగ్ తీస్తే బయటపడింది. పగిలితే మనిషి దక్కడన్నారు. పొట్ట కోసి, ఉబ్బిన చోట గుడ్డతో నేసిన గొట్టం పెట్టి కుట్టారు. అది పాలిస్టర్ గుడ్డ. బావ జీవితంలో నూలు తప్ప కట్టలేదు. "బయట ఇంత నియమంగా ఉండి ఏం లాభం, లోపల పాలిస్టర్ తొడిగేశారు" అని చాలా రోజులు బాధపడ్డాడు.

సరిగ్గా అప్పుడే మా మేనకోడలి, అంటే అక్క కూతురి, సంబంధం మాటల్లో ఉంది. మా వైపు పిల్లకి సంబంధం చూస్తున్నన్నాళ్లూ ఇంట్లో ఎవరికీ పెద్ద జబ్బులు రావు. షుగరున్నవాళ్లు "తీపంటే మొదట్నుంచీ ఇష్టంలేదు" అంటారు. ఫిట్స్ వచ్చే మేనత్త తీర్థయాత్రలకి వెళ్తుంది. రక్తనాళం ఉబ్బిందంటే అది వంశంలో ఉందేమో, రేపు పిల్లకీ వస్తుందేమో అని అవతలివాళ్లు వెనకాడతారని అక్క భయం. ఆసుపత్రి కారిడార్‌లో నిలబడి ఆలోచించి, హెర్నియా అని ఖాయం చేసింది. హెర్నియా మర్యాదైన జబ్బు. బరువులెత్తినవాడికి వస్తుంది. తండ్రి నుంచి పిల్లలకి రాదు. ఎవరూ దాని గురించి రెండో ప్రశ్న వెయ్యరు.

కాబోయే వియ్యాలవారు యాపిల్స్ పట్టుకుని చూడ్డానికి వచ్చారు, పరామర్శించారు, సంబంధం ఖాయమైంది, పెళ్లయింది. అబద్ధం మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. బావ దానికి అలవాటుపడ్డాడు, కొంత ఇష్టపడ్డాడు కూడా. గ్యాస్ సిలిండర్ జరపాల్సి వస్తే, "నాకు హెర్నియా కదా" అనేవాడు.

"అది వియ్యాలవారికి చెప్పిన హెర్నియా. నాకు చెప్పకండి. పట్టండి ఆ చివర" అనేది అక్క.

ఆ మొదటి ఆపరేషన్ తర్వాత ఇంటికి పంపేటప్పుడు సర్జను ఒక మాట గట్టిగా చెప్పాడు. నోట్లోంచి గానీ విరేచనంలో గానీ రక్తం పడితే, ఎంత కొంచెమైనా సరే, వెంటనే ఆసుపత్రికి రావాలి. ఏ డాక్టరు ఎదురైతే ఆ డాక్టరుకి, లోపల గొట్టం ఉందన్న సంగతే మొట్టమొదట చెప్పాలి. ముగ్గురం విన్నాం. తలూపాం.

ఏళ్లు గడిచాయి. ఒక మే నెలలో బావకి సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడడం మొదలైంది. నడుం లాగేది. వేడి చేసిందన్నాడు. ఢిల్లీ ఎండల్లో ఆ మాటకి ఎదురు చెప్పేవాళ్లుండరు. మామిడిపళ్లు మానేసి, సబ్జాగింజల నీళ్లు, పల్చటి మజ్జిగ తాగాడు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. అప్పుడు మజ్జిగ ఇంకొంచెం పల్చన చేసేవాడు.

ఒకరోజు క్లాసులో రాజ్యసభ గురించి చెప్తూ చెప్తూ బయటికి వెళ్లి, వాష్‌బేసిన్‌లో రక్తం కక్కాడు. ఎక్కువేం కాదు. వెనకాలే వెళ్లిన పిల్లలతో "బీట్‌రూట్ రా" అన్నాడట. వాళ్లు నమ్మలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన ఫోన్ తీసుకుని, దగ్గర్లో ఎవరున్నారో చూసి వియ్యంకుడికి ఫోన్ చేశారు. వాళ్ల ఇల్లు మయూర్ విహార్‌లో.

వియ్యంకుడు గారు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. చేతిసంచీలో థర్మామీటరు పెట్టుకుని తిరుగుతారు. ఎవరు తుమ్మినా ఎందుకు తుమ్మారో చెప్తారు. ఆయన పది నిమిషాల్లో వచ్చి, బావని కార్లో కూర్చోబెట్టుకుని దగ్గరున్న నర్సింగ్ హోమ్‌లో చేర్చారు. అక్కడి డాక్టరు పొట్ట మీద పొడుగాటి మచ్చ చూసి ఇదేమిటని అడిగితే, బావ నోరు తెరిచేలోపే వియ్యంకుడు గారు చెప్పేశారు.

"హెర్నియా. మా అబ్బాయి పెళ్లికి ముందే చేయించుకున్నారు. నేను స్వయంగా వెళ్లి చూశాను."

స్వయంగా చూసిన మనిషి పక్కనుండగా కాదని ఎలా చెప్పడం? బావ తల పక్కకి తిప్పుకున్నాడు. ఎండోస్కోపీ చేశారు. పొట్టంతా చూశారు, పేగు మొదలు దాకా చూశారు. కొంచెం ఎర్రగా ఉందన్నారు. అప్పటికి రక్తం ఆగిపోయింది. ఎసిడిటీకి మందులు రాసి, ఒక రాత్రి ఉంచి, మర్నాడు మధ్యాహ్నం ఇంటికి పంపుతామన్నారు.

నేను మర్నాడు మెట్రోలు మారి అక్కడికి చేరేసరికి బావ దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ముఖంలో రక్తం లేదు. వియ్యంకుడు గారు మంచం పక్కన కూర్చుని బత్తాయి ఒలుస్తున్నారు. అక్క కిటికీ దగ్గర నిలబడి చీర కొంగు మెలిపెడుతోంది.

"వచ్చావా? బోర్డర్‌లో ఆపలేదా?" అన్నాడు బావ.

"హెర్నియా పేషెంటుని చూడాలంటే వదిలేశారు."

అక్క నన్ను కళ్లతోనే ఒక్కటిచ్చింది.

"ఎసిడిటీ మాస్టారూ" అన్నారు వియ్యంకుడు గారు. "ఖాళీ కడుపున మజ్జిగ తాగొద్దని బావగారికి ఎన్నిసార్లు చెప్పాను! వింటారా? తొనలు తినండి బావగారూ. పిప్పి ఊసెయ్యండి."

అక్క నన్ను తలుపు బయటికి తీసుకెళ్లింది. "పొద్దుట్నుంచీ చెప్తున్నాను రా, డాక్టరుకి గొట్టం సంగతి చెప్పండీ అని. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఎలా చెప్పనంటున్నారు. అమ్మాయికి నెలలు నిండాయి, ఇప్పుడు ఆ ఇంట్లో ఈ గొడవెందుకంటున్నారు. ఇంటికెళ్లిపోయి, అక్కణ్నుంచి మనమే పాత ఆసుపత్రికి వెళ్దామట."

"ఇంటికెళ్లేదాకా ఆగుతుందా అక్కా?"

"ఆ మాటే పొద్దుట్నుంచీ నన్ను తినేస్తోంది."

వియ్యంకుడు గారిని కాసేపు బయటికి పంపితే చాలనుకున్నాను. లోపలికి వెళ్లి, "రాత్రంతా మీరే ఉన్నారట. కింద చాయ్ బాగుంటుందట, తాగి రండి. నేనుంటాను" అన్నాను.

"చాయ్ మానేసి చాలా కాలమైంది."

"పోనీ కాస్త నడిచి రండి."

"ఈ ఎండలోనా? మీరు ఇంజినీర్లకి పాఠాలు చెప్తారు, బాగానే ఉంది. వడదెబ్బ గురించి మీకు తెలీదు" అని ఇంకో బత్తాయి తీశారు.

బావ నా వైపు చూసి నవ్వాడు. నా ప్రయత్నం ఆయనకి అర్థమైంది, అది పారనందుకు ఆయనకి సంతోషంగానే ఉంది.

అప్పుడు డ్యూటీ డాక్టరు వచ్చింది. చిన్నమ్మాయి. ఇంటికి పంపేముందు ఒకసారి చూడాలని చొక్కా ఎత్తమంది. రొమ్ము ఎముక కింద మొదలై బొడ్డు దాటి కిందికి పోయిన మచ్చని చూసింది.

"అంకుల్, హెర్నియాకి ఇంత పొడుగు కోశారా?" అని హిందీలో అడిగింది.

"ఆ సర్జనుకి చెయ్యి ఉదారం" అన్నాడు బావ.

ఆ అమ్మాయి నవ్వింది. స్టెతస్కోపు మెళ్లో వేసుకుంది. ఇక సంతకం పెట్టడమే తరువాయి. నేను నోరు తెరిచాను. నాకంటే ముందు అక్క మాట్లాడింది.

అక్క హిందీ ఏళ్ల తరబడి కూరగాయలవాళ్లతోనూ ఆటోవాళ్లతోనూ మాట్లాడిన హిందీ. బేరానికి చాలుతుంది గానీ రక్తనాళానికి చాలదు. అయినా ఆపకుండా చెప్పింది. "హెర్నియా నహీ, బేటా. ఖూన్ కా బడా పైపు ఖరాబ్ హువా. కాట్‌కే కప్‌డే కా పైపు డాలా." పొట్ట మీద చేత్తో గీత గీసి చూపించింది. "యహా. అందర్."

హెర్నియా కాదనీ, రక్తం పోయే పెద్ద గొట్టం పాడైందనీ, కోసి ఇక్కడే లోపల గుడ్డ గొట్టం వేశారనీ. ఆ అమ్మాయికి ఒక్క ముక్క కూడా తప్పిపోకుండా అర్థమైంది. నవ్వు ఆగిపోయింది. ఎప్పుడు వేశారని అడిగింది. సాయంత్రాలు జ్వరం వస్తోందా అని అడిగింది. నడుం నొప్పి ఉందా అని అడిగింది. అక్క అన్నిటికీ తలూపింది. "మంచం దిగొద్దు అంకుల్" అని బయటికి దాదాపు పరిగెత్తింది.

వియ్యంకుడు గారి చేతిలో బత్తాయి సగం ఒలిచి ఉంది.

"అయితే హెర్నియా..." అన్నారు.

"లేదండీ" అంది అక్క.

"ఇప్పుడు లేదా, అప్పుడూ లేదా?"

"అసలు లేదండీ."

"మీరు తెచ్చిన యాపిల్స్ మాత్రం నిజంగా తిన్నాను బావగారూ. బాగున్నాయి" అన్నాడు బావ.

వియ్యంకుడు గారు నవ్వలేదు. బత్తాయి పళ్లెంలో పెట్టి, చేతులు తుడుచుకుని, ఫోన్ తీసి బయటికి వెళ్లారు. అక్క మంచం అంచున కూలబడింది. సంబంధం తెగిపోయినట్టే ముఖం పెట్టింది, పెళ్లయి అన్నేళ్లయిన తర్వాత. నిజానికి ఆయన బయటికి వెళ్లింది కారు డ్రైవరుకీ అంబులెన్సుకీ ఫోన్ చెయ్యడానికి.

స్కాన్‌లో, పాత గొట్టం చుట్టూ ఉండకూడని చోట గాలి బుడగలు కనిపించాయి. మొదటి ఆపరేషన్ చేసిన ఆసుపత్రి గురుగ్రామ్ వైపు ఉంది. రెండు చేతులకీ సూదులు పెట్టి, రక్తం సీసాలు వెంట ఇచ్చి అక్కడికి పంపారు. వియ్యంకుడు గారు అంబులెన్సులో డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నారు. దారి పొడుగునా ఎక్కడ ఎడమకి తిరగాలో అతనికి చెప్తూనే ఉన్నారు. అతను ఆ మాటలు పట్టించుకోకుండా తీసుకెళ్లాడు కాబట్టి తొందరగా చేరాం.

మొదటి సర్జను అప్పటికి రిటైరయ్యాడు. ఆయన దగ్గర నేర్చుకున్న మనిషి ఉన్నాడు, సన్నగా, గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి. ఒక కాగితం మీద రెండు గీతలు గీసి మాకు చెప్పాడు. గొట్టం కుట్టిన చోటికి ముందుగా చిన్నపేగు అడ్డంగా పడి ఉంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ గొట్టం కదిలి పేగుకి రాసుకుంటుంది. ఏళ్ల తరబడి అలా రాసుకుని పేగుకి చిల్లి పడింది. ఇప్పుడు రక్తనాళానికీ పేగుకీ మధ్య దారి ఏర్పడింది. మొదటిసారి కొంచెం రక్తం పడి, గడ్డకట్టి, ఆ దారి తాత్కాలికంగా మూసుకుంటుంది. రెండోసారి తెరుచుకున్నప్పుడు ఆగదు. అది ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. పేగులో ఉండే క్రిములు గుడ్డకి పట్టాయి. సాయంత్రాల జ్వరం, నడుం నొప్పి వాటివే.

"అంటే వేడి చెయ్యలేదన్నమాట" అన్నాడు బావ నాతో తెలుగులో. తర్వాత సర్జనుతో, "ఆప్షన్లు చెప్పండి" అన్నాడు.

"చిల్లి మూసేసి గుడ్డని అలాగే వదిలెయ్యొచ్చు."

"క్రిములు పట్టిన గుడ్డ లోపల వదిలేస్తే మళ్లీ ఇదే కదా? అది కొట్టెయ్యండి."

సర్జను తలెత్తి ఆయన్ని మొదటిసారి పరీక్షగా చూశాడు. "గుడ్డ తీసేసి, మీ తొడలోంచి సిర తీసి అదే చోట కుట్టొచ్చు. కొంతమందికి అదే మంచిది. మీకు లోపల చీము ఎక్కువగా ఉంది. అందుకని నేను ఇంకోటి అనుకుంటున్నాను. ముందు చంక దగ్గర రక్తనాళం నుంచి, చర్మం కిందుగా, పక్కటెముకల మీదుగా, రెండు తొడలకీ కొత్త గొట్టం వేస్తాం. కాళ్లకి రక్తం ఆ దారిన వెళ్తుంది. ఆ తర్వాత పొట్ట తెరిచి పాత గుడ్డ మొత్తం తీసేసి, పెద్ద రక్తనాళం తెగిన చివర మూసి కుట్టేస్తాం. పేగు చిల్లి బాగుచేస్తాం."

"బైపాస్ వేశాకే ఊళ్లో రోడ్డు తవ్వుతారన్నమాట. ఢిల్లీలో ఇంత ముందుచూపున్న మనిషిని ఇప్పుడే చూడ్డం."

సర్జను నవ్వాడు గానీ మాట దాటెయ్యలేదు. కుట్టిన ఆ చివర తర్వాత ఎప్పుడైనా విడిపోవచ్చనీ, ఇది పెద్ద ఆపరేషన్ అనీ, బల్ల మీదే పోయేవాళ్లు ఉన్నారనీ చెప్పాడు. చెయ్యకపోతే మాత్రం ఎవరూ మిగలరన్నాడు. కుట్టు చుట్టూ పొట్టలోని కొవ్వు పొర తెచ్చి కప్పుతామని కూడా చెప్పాడు. నేను అక్కకి తెలుగులో చెప్పాను.

"దానికేం కొదవ లేదు. ఎంత కావాలంటే అంత తీసుకోమను" అంది. అంటూ కళ్లు తుడుచుకుంది.

రక్తం చాలా కావాలన్నారు. ఎవరు ఎవరికి చెప్పారో తెలీదు, సాయంత్రానికల్లా లక్ష్మీ నగర్ నుంచి, సివిల్స్‌కి చదివేవాళ్లు గదులు తీసుకుని ఉండే బేర్ సరాయ్ నుంచి ఆయన క్లాసు పిల్లలు వచ్చేశారు. చేతుల్లో నోట్సులు. బ్లడ్ బ్యాంకు ముందు వరసలో నిలబడి కూడా చదువుకుంటున్నారు. ఒకడు బరువు చాలదని వెనక్కి పంపిస్తే, "మెస్ భోజనం సార్, ఇంతకంటే పెరగదు" అని నాకు సంజాయిషీ చెప్పాడు.

ఆ వరసలో అందరికంటే ముందు వియ్యంకుడు గారు నిలబడ్డారు. ఆయనదీ బావదీ ఒకటే గ్రూపు. "పిల్లలు తర్వాత. ముందు బంధువులు" అని చొక్కా చెయ్యి మడిచారు. లోపల కూర్చున్న అమ్మాయి హిందీలో ప్రశ్నలడిగింది. జ్వరం ఉందా, పచ్చకామెర్లు వచ్చాయా.

"రోజూ ఏమైనా మందులు వాడుతున్నారా అంకుల్‌జీ?"

"మామూలువే."

"పేర్లు చెప్పండి."

గొంతు తగ్గించి చెప్పారు. ఆ అమ్మాయి తగ్గించలేదు. "ఇవి రక్తం పల్చబడే మందులు కదా! గుండెకి స్టెంట్ వేశారా?"

వరసంతా వింది. వెనకాల నేనున్నాను. నా వెనక అక్క ఉంది.

ఆయన చొక్కా చెయ్యి నిదానంగా దించుకున్నారు. "రెండు" అన్నారు.

"ఎప్పుడు?"

"పెళ్లి సంబంధాలు చూస్తున్నప్పుడు."

ఆ అమ్మాయికి ఆ జవాబు అర్థం కాలేదు. మాకు అయింది. ఆ ఏడాది ఆయన గ్యాస్ ట్రబులని చెప్పి కొన్నాళ్లు ఎవరికీ కనపడలేదు. నిశ్చితార్థానికి వాము డబ్బా జేబులో వేసుకుని వచ్చి, అందరికీ తలా చిటికెడు పెట్టారు. బావ కూడా నమిలాడు.

ఆపరేషన్‌కి తీసుకెళ్లేముందు ఒకరొకరుగా చూడనిచ్చారు. నేను గదిలోకి వెళ్లేసరికి వియ్యంకుడు గారు మంచం పక్కన నిలబడి ఉన్నారు. ఆ సంగతి అక్క అప్పటికే బావకి చెప్పేసిందని ఇద్దరి ముఖాలూ చూస్తేనే తెలుస్తోంది.

"వాము ఇప్పటికీ జేబులో ఉందా బావగారూ?" అన్నాడు బావ.

"ఉంది."

"తిరిగొచ్చాక ఇవ్వండి. నాకూ గ్యాసే."

వియ్యంకుడు గారు బావ కాలి బొటనవేలు పట్టుకుని ఒకసారి నొక్కి వెళ్లిపోయారు. అప్పుడు బావ నన్ను దగ్గరికి పిలిచాడు. ఏదైనా అప్పగింత చెప్తాడనుకున్నాను. "మీ అక్క చేత ఏమైనా తినిపించు. నేను కనపడకపోతే తినదు. ఇలాంటి పనులు నీకు చేతకావు గానీ, ప్రయత్నించు" అన్నాడు.

నాకు చేతకాలేదు. వియ్యపురాలు వచ్చి, కోడలి పక్కన పక్కింటావిడని పెట్టొచ్చానని చెప్పి, పెరుగన్నం డబ్బా తెరిచి, అక్క ఎదురుగా కూర్చుని ముద్దలు పెట్టింది. "ఇక మన రెండిళ్లలో ఇంకేం జబ్బులున్నాయో ఇప్పుడే చెప్పేసుకుందాం వదినగారూ" అంది. అక్క నోట్లో ముద్ద ఉండగా నవ్వి, పొలమారి, ఆ తర్వాత చాలాసేపు ఏడ్చింది.

మర్నాడు తెల్లవారుజామున సర్జను బయటికి వచ్చాడు. పాత గుడ్డ మొత్తం తీసేశామన్నాడు. పేగు కుట్టామన్నాడు. పొట్ట తెరిచి పాత గొట్టాన్ని కదిపినప్పుడు రక్తం ఒక్కసారిగా పొంగిందనీ, పైన బిగించి పట్టుకునే సాధనం సిద్ధంగా ఉంది కాబట్టి ఆపగలిగామనీ చెప్పాడు. "ఇంట్లో ఉండగా అయితే..." అని ఆగాడు. అక్క ఆయనకి దణ్ణం పెట్టింది.

వెంటిలేటర్ తీసిన తర్వాత నన్ను లోపలికి పంపారు. బావ గొంతు బొంగురుగా ఉంది.

"గుడ్డ తీసేశారా?"

"తీసేశారు."

"కొత్తది?"

"అదీ సింథటిక్కే బావా."

కళ్లు మూసుకున్నాడు. "ఖాదీ అడగాల్సింది నువ్వు" అన్నాడు.

కోలుకోవడం తేలికగా జరగలేదు. చాలా రోజులు ట్యూబ్ లోంచే ఆహారం పెట్టారు. యాంటిబయాటిక్స్ నెలల తరబడి వాడారు. మనిషి సగమయ్యాడు. ఆసుపత్రిలో ఉండగానే మనవరాలు పుట్టింది. పాపని తీసుకొచ్చి కిటికీ అద్దం అవతల నుంచి చూపించారు. అక్క తర్వాత అల్లుడింటికి వెళ్లినప్పుడు ఆ హెర్నియా మాట ఎవరూ ఎత్తలేదు. వియ్యంకుడు గారు మాత్రం ఆమెకి గొట్టం ఎంత పొడుగు ఉంటుంది, ఎంత వెడల్పు ఉంటుంది అని వివరంగా చెప్పారట, ఆమెకి తెలీనట్టు.

బావ మళ్లీ క్లాసుకి వెళ్లాడు, రోజుకి ఒక్కటే. కుర్చీలో కూర్చుని చెప్పేవాడు. బెల్టు బిగించకూడదు, గొట్టం ఉన్న పక్కకి తిరిగి పడుకోకూడదు అని సర్జను చెప్పాడు. కొత్త గొట్టం చర్మం కిందే ఉండేది. కుడి పక్కటెముకల మీద వేళ్లు ఆనిస్తే, రక్తం పోతున్న అదురు చేతికి తెలిసేది, మణికట్టు దగ్గర నాడిలాగే. ఆయన దాన్ని దాచలేదు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ మొత్తం కథ చెప్పేవాడు. పళ్లు పీకించుకోవడానికి వెళ్తే ఆ డాక్టరుకి బృహద్ధమని నుంచి మొదలుపెట్టి చెప్పాడట. ఆటో డ్రైవరు గుంతలో వేస్తే, "భయ్యా, ధీరే. అందర్ బైపాస్ హై" అని నెమ్మదిగా పొమ్మనేవాడు. మనవరాలు కాస్త పెద్దదయ్యాక ఆయన పక్కటెముకలకి చెవి ఆనించి, "తాతా, లోపల ఎవరున్నారు?" అని హిందీలో అడిగేది. "మీ ఇంకో తాత. వాము అమ్ముకుంటున్నాడు" అని ఈయన తెలుగులో చెప్పేవాడు. ఇంకో తాత పక్కనే కూర్చుని వినేవారు. ఇద్దరూ సాయంత్రాలు పార్కులో నడిచేవాళ్లు. ఎవరికి ముందు ఆయాసం వస్తుందో అని పోటీ.

ఆపరేషన్ లేకపోయినా, అక్క ఆ మాట అనకపోయినా, ఇవేవీ ఉండేవి కావు. వీటిని గొప్ప సంవత్సరాలని నేను అనను. మామూలు సంవత్సరాలు. వాటిల్లో ఆయన నన్ను వీసా గురించి చాలాసార్లు అడిగాడు.

ఈ చలికాలం పొగమంచులో దగ్గు పట్టుకుంది. న్యుమోనియా అన్నారు. ఈసారి ఊపిరితిత్తులు లొంగలేదు. కొత్త డాక్టరు వచ్చి, ఇంతకుముందు ఏమైనా ఆపరేషన్లు అయ్యాయా అని అడిగితే, బావ ఆక్సిజన్ మాస్కు పక్కకి తీసి మొదట్నుంచీ చెప్పబోయాడు. నర్సు మళ్లీ పెట్టేసింది. మిగతాది వియ్యంకుడు గారు పూర్తిచేశారు, ఒక్క వివరం వదలకుండా.

రెండ్రోజుల తర్వాత, ఇక చెయ్యగలిగిందేమీ లేదని డాక్టర్లు చెప్పారు. మర్నాడు పొద్దున ఎండ కిటికీలోంచి మంచం మీద పడుతోంది. అక్క ఒక పక్క, నేను ఒక పక్క. నేను దుప్పటి కిందుగా ఆయన పక్కటెముకల మీద చెయ్యి పెట్టాను. కింద నాడి ఉంది. నీరసంగా, ఆగి ఆగి వస్తోంది. ఎదురుగా మానిటర్ ఉంది గానీ నేనటు చూడలేదు. ఒకసారి వచ్చింది. చాలాసేపటికి ఇంకోసారి వచ్చింది. తర్వాత రాలేదు. ఇంకా వస్తుందేమోనని చెయ్యి అక్కడే ఉంచాను.

డాక్టరు వచ్చి చూసి, గడియారం చూసుకుని వెళ్లాడు. నేను చెయ్యి తియ్యలేదు. కాసేపటికి అక్క వంగి దుప్పటి సర్దుతూ, "ఇంక తియ్యరా" అంది. "ఆయనకి అక్కడ చక్కిలిగింత."

తీశాను.